పాట పలికించే ముల్లు

మాట పుట్టిన చోటనే పాట పుట్టింది. కాని పుట్టిన పాట ఆ క్షణంలోనే గాలిలో కలిసిపోవడం వేల సంవత్సరాలపాటు మానవునికి తీరని కొరతగా నిలిచింది. గాయకుని కంఠంతోపాటే అతని గానమూ అంతరించేది. 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపం మీద మానవ కంఠధ్వనిని నిలిపి ఈ కొరతను తొలిసారిగా తీర్చాడు. పదేళ్ళ తరువాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు బల్లపరుపుగా ఉండే గుండ్రని పలకను ప్రవేశపెట్టాడు. గ్రామఫోను రికార్డు అవతరించినది అప్పుడే. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైన గాయకుల పాటలను రికార్డు చేశాడు. అటు తరువాత కొద్ది సంవత్సరాలకే కలకత్తాలో రికార్డులను ముద్రించే కర్మాగారం కూడా వెలసింది.

తెలుగువారి పాటల రికార్డుల చరిత్రలో కడప సీమకు సముచితమైన స్థానం ఉన్నది. పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్. రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రచించగా, సాలూరి రాజేశ్వరరావు స్వరపరచగా, భానుమతి, ఘంటసాల ఆలపించిన ఆ చిత్ర గీతాలు నల్లని పలకలపైకి ఎక్కి ఊరూరా మ్రోగాయి. ఆయన సోదరుడు బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి నెలకొల్పిన విజయా సంస్థ ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలను అందించింది. ఈ సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుని సంకీర్తనలను ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేయగా, ‘బాలాజీ పంచరత్నమాల’ పేరుతో ఐదు రికార్డుల సంపుటి 1980 ప్రాంతంలో వెలువడింది. ఘంటసాల గానం చేసిన భగవద్గీత ఆయన మరణానంతరం 1974లో రికార్డుగా వచ్చి ఇంటింటా ప్రతిధ్వనించింది. పెళ్ళి పందిళ్ళలోను, తిరునాళ్ళలోను, టూరింగు టాకీసుల ముంగిట్లోను మైకుసెట్ల వారు రికార్డులనే వాడేవారు. రికార్డు పాటకు ఆడే ఆటకు ‘రికార్డింగ్ డాన్సు’ అనే పేరు రావడానికి కారణం ఇదే.

క్యాసెట్టు వచ్చింది, సి.డి. వచ్చింది, తరువాత సెల్‌ఫోను వచ్చింది. రికార్డులు ట్రంకుపెట్టెల అడుగుకు చేరాయి. అయితే అవి పూర్తిగా మాసిపోలేదు. అమెరికా వంటి దేశాలలో రికార్డులకు మళ్ళీ ఆదరణ పెరిగింది. 1987 తరువాత తొలిసారిగా 2022లో ఆ దేశంలో సి.డి.లకంటె రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయాయి. మన యువతరంలోనూ వీటిపట్ల కుతూహలం పెరుగుతున్నది. పులివెందులలోనో, ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో ఒక పాత మిద్దె అటక మీద తాతగారి రికార్డులు బయటపడినప్పుడు ఆ ఇంటి పిల్లలకు కలిగే మొదటి కోరిక, వాటిని ఒకసారి వినాలని. రెండవ ఆలోచన, తక్కువ ధరకు వచ్చే యంత్రం ఏదని. ఈ రెండవ ఆలోచనలోనే ప్రమాదం దాగి ఉన్నది. తగని యంత్రం మీద పెట్టిన రికార్డు మొదటిసారి మ్రోగుతూనే చెడిపోవచ్చు. యంత్రం పాడైతే మరొకటి కొనవచ్చు. తాతగారి రికార్డు పాడైతే దాన్ని మళ్ళీ తేలేము. కావున యంత్రాన్ని చూసి రికార్డు పెట్టడం కాదు, రికార్డును చూసి యంత్రాన్ని కొనాలి.

రికార్డు జాతిని గుర్తించడం

రికార్డులలో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. మొదటిది నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు. సాధారణంగా పది అంగుళాల వ్యాసంతో, బరువుగా, బిరుసుగా ఉంటుంది. చేజారితే కుండపెంకు వలె పగులుతుంది. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం పైగా మాత్రమే మ్రోగుతుంది. దీనిని ప్రధానంగా లక్కతో చేసేవారు. తొలినాటి మిశ్రమాలలో లక్కతోపాటు ముగ్గురాయి పొడి, నూలు పీచు, దీపపు మసి కలిసేవి. కడప సీమవాసులకు చిరపరిచితమైన ఆ ముగ్గురాయికి పాటలోనూ పాలున్నదని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

రెండవది నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి. రికార్డు. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ దీనిని ప్రవేశపెట్టింది. పన్నెండు అంగుళాల వ్యాసంతో, తేలికగా, కొద్దిగా వంగే గుణంతో ఉంటుంది. వినైల్ అనే ప్లాస్టిక్కుతో తయారైన ఈ పలక ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా మ్రోగుతుంది. మూడవది 1949లో వచ్చిన 45 చుట్ల రికార్డు. ఇది ఏడు అంగుళాల చిన్న పలక. మన దేశంలో సినిమా పాటలు ఈ పరిమాణంలో విరివిగా వచ్చాయి. అయితే ఏడు అంగుళాల పలకలన్నీ 45 చుట్లవి కావు. కొన్ని 33⅓ వేగంతో కూడా వెలువడ్డాయి. కావున పరిమాణాన్ని బట్టి కాక, నడుమ ఉన్న కాగితపు బిళ్ళ మీద ముద్రించిన అంకెను బట్టి వేగాన్ని నిర్ణయించుకోవాలి.

వేగంలో ఉన్న భేదంకంటె గాడిలో ఉన్న భేదం ముఖ్యమైనది. రికార్డు మీద అంచు నుండి నడుమ వరకు చుట్లు చుట్లుగా ఒకే గాడి సాగుతుంది. చేనిలో నాగలి చాలు వలె కనిపించే ఆ గాడి గోడలలోనే పాట అలలుగా చెక్కబడి ఉంటుంది. 78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి కొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు ఉన్న లావు ముల్లు కావాలి. ఎల్.పి. గాడి సన్ననిది. దానికి సుమారు 18 నుండి 25 మైక్రాన్ల సన్నని ముల్లు సరిపోతుంది. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సన్నని ముల్లును వెడల్పైన గాడిలో ఉంచితే అది గోడలను ఆనక అడుగున పొర్లుతుంది. పాటకు బదులు గరగర వినిపిస్తుంది. లావు ముల్లును సన్నని గాడిలో ఉంచితే గోడలే చెదిరిపోతాయి. గాడికి తగిన ముల్లు అనే సూత్రాన్ని విస్మరించినవారు ఎంత ధర పెట్టినా ప్రయోజనం లేదు.

యంత్రంలోని అంగాలు

రికార్డు ప్లేయరు లేదా టర్న్‌టేబుల్ చూడడానికి సామాన్యంగా కనిపించినా అందులోని ప్రతి అంగానికి ఒక బాధ్యత ఉన్నది. పళ్ళెం రికార్డును మోస్తూ ఒకే వేగంతో తిరుగుతుంది. మోటారు శక్తిని పళ్ళేనికి అందించే పద్ధతులు మూడు. రబ్బరు బెల్టు ద్వారా తిప్పడం మొదటిది. రబ్బరు చక్రాన్ని పళ్ళెం అంచుకు ఆనించి తిప్పడం రెండవది. పాత యంత్రాలలో ఇది ఎక్కువ. పళ్ళెం ఇరుసునే మోటారుగా చేయడం మూడవది. జపానుకు చెందిన టెక్నిక్స్ సంస్థ ఈ మూడవ పద్ధతిలో 1972లో తెచ్చిన ఎస్.ఎల్.-1200 ప్రపంచ ప్రసిద్ధి పొందింది. తక్కువ ధర యంత్రాలలో బెల్టు పద్ధతి సర్వసాధారణం. బెల్టు చవకది, మార్చుకోవడం సులభం, మోటారు అదురును పళ్ళేనికి చేరనీయదు.

ముల్లును మోసే పొడవైన చేయి రెండవ అంగం. చేయి చివర కార్ట్రిడ్జి అనే చిన్న పెట్టె, దాని కింద ముల్లు ఉంటాయి. గాడి గోడల అలలకు ముల్లు కదులుతుంది. కార్ట్రిడ్జి ఆ కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. కార్ట్రిడ్జిలలో సిరామిక్ రకం ఒకటి, అయస్కాంతపు రకం మరొకటి. సిరామిక్ రకం చవకది. దాని నుండి వెలువడే విద్యుత్సంకేతం బలంగా ఉంటుంది గాని, ముల్లు గాడిపై మోపే బరువు సాధారణంగా ఐదు గ్రాములు, అంతకు పైగా ఉంటుంది. అయస్కాంతపు రకంలో చాలావాటికి 2 నుండి 3.5 గ్రాముల బరువు చాలు. గ్రాములలో ఉన్న ఈ భేదం స్వల్పంగా తోచవచ్చు. కాని ఆ బరువంతా కంటికి ఆనని ముల్లు కొన మీద పడుతుంది. అందుచేత అదనంగా పడే ఒక్కొక్క గ్రాము కాలక్రమాన గాడిని అరగదీస్తుంది.

అయస్కాంతపు కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. అంతేగాక రికార్డును ముద్రించేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దీనిని సరిచేసి, సంకేతాన్ని పెంచే సాధనాన్ని ఫోనో ప్రీ-ఆంప్లిఫైయరు అంటారు. ఇది కొన్ని యంత్రాలలో ఇమిడి ఉంటుంది. కొన్నింటికి విడిగా కొనాలి. ఇది లేకుండా నేరుగా స్పీకర్లకు కలిపితే పాట దూరపు బావిలో నుండి వచ్చినట్లు సన్నగా వినిపిస్తుంది.

కొత్త యంత్రాలలో ఎంపిక

నేడు అంగడిలో దొరికే కొత్త యంత్రాలను మూడు తరగతులుగా విభజించవచ్చు. అన్నింటికంటె చవకైనవి చేతిపెట్టె ఆకారంలో ఉండేవి. వీటిలోనే స్పీకర్లు ఇమిడి ఉంటాయి. మూడు వేగాలూ ఉన్నాయని వీటి పెట్టెల మీద రాసి ఉంటుంది. కాని మూడు వేగాలకూ ఉండేది సాధారణంగా ఒకే ముల్లు. 78 చుట్లు తిరిగినంత మాత్రాన 78 రికార్డుకు తగిన యంత్రం కాదన్న విషయాన్ని కొనుగోలుదారు గుర్తుంచుకోవాలి. పైగా ఇటువంటివాటిలో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జి ఉంటుంది. చేతి బరువును సరిచేసుకొనే వీలు ఉండదు. స్పీకర్లు, ముల్లు ఒకే పెట్టెలో ఉన్నందున శబ్దాన్ని పెంచినప్పుడు స్పీకరు అదురు ముల్లును కదిలిస్తుంది.

రెండవ తరగతి యంత్రాలు సామాన్య కుటుంబానికి అనువైనవి. ఆడియో-టెక్నికా సంస్థ తయారుచేసే ఎ.టి.-ఎల్.పి.60ఎక్స్ ఈ తరగతికి చక్కని ఉదాహరణ. ఇందులో బెల్టు పద్ధతి, అయస్కాంతపు కార్ట్రిడ్జి, మార్చుకోదగిన వజ్రపు ముల్లు ఉన్నాయి. ప్రీ-ఆంప్లిఫైయరు యంత్రంలోనే ఉన్నందున ఇంట్లో ఇదివరకే ఉన్న హోమ్ థియేటరుకు తీగ కలిపి వినవచ్చు. మీట నొక్కగానే చేయి తనంతట తాను రికార్డు మీదికి వచ్చి వాలుతుంది. పాటలు ముగియగానే వెనుకకు మళ్ళుతుంది. కొత్తగా నేర్చుకొనేవారి చేతి వణుకు వలన రికార్డుకు గీతలు పడే భయం ఉండదు. అయితే ఇది 33⅓, 45 వేగాలకే పరిమితం.

మూడవ తరగతి యంత్రాలలో చేతి బరువును వెనుకనున్న బిళ్ళతో తూచి సరిచేసుకోవచ్చు. కార్ట్రిడ్జిని విప్పి మరొకటి అమర్చుకోవచ్చు. అదే సంస్థ వారి ఎ.టి.-ఎల్.పి.120ఎక్స్ మూడు వేగాలతో ఈ తరగతిలో ఉన్నది. ధర హెచ్చే. కాని ఇంట్లో ఎల్.పి.లతోపాటు 78 రికార్డులు కూడా ఉన్నవారికి ఇదే సరైన మార్గం. సన్నని ముల్లు ఒకటి, లావు ముల్లు మరొకటి ఉంచుకొని రికార్డును బట్టి మార్చుకొంటే రెండు తరాల పాటలూ ఒకే యంత్రం మీద భద్రంగా పలుకుతాయి.

పాత యంత్రాలలో ఎంపిక

పాత యంత్రమంటే చిన్నచూపు అవసరం లేదు. ఒకనాడు మన దేశంలో విరివిగా అమ్ముడుపోయిన హెచ్.ఎం.వి. ఫియెస్టా, ఫిలిప్స్ రికార్డు ప్లేయర్లు నేటికీ అక్కడక్కడ దొరుకుతాయి. మైకుసెట్ల వారి వద్ద, పాత రేడియో మరమ్మతు దుకాణాలలో, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వంటి నగరాల పాత సామాన్ల అంగళ్ళలో ఇవి కనిపిస్తాయి. అయితే పాత యంత్రాన్ని కొనేవారికి రాయలసీమ రైతు సంతలో ఎద్దును కొనే తీరు ఆదర్శం కావాలి. రైతు కొమ్ముల రంగును చూసి మురిసిపోడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. యంత్రం విషయంలోనూ పైమెరుగును కాక నడకను చూడాలి.

ముందుగా ముల్లును పరీక్షించాలి. అది ఎన్ని గంటలు పనిచేసినదో అమ్మేవారికి కూడా తెలియదు. కావున పాత యంత్రంలోని ముల్లు అరిగిపోయినదనే భావించి, ఆ నమూనాకు కొత్త ముల్లు నేడు దొరుకుతున్నదో లేదో కొనకముందే విచారించాలి. దొరకని పక్షంలో ఆ యంత్రం ఎంత చవకైనా అలంకార వస్తువే తప్ప వాద్యం కాదు. పాత యంత్రాలలోని కొన్ని క్రిస్టల్ కార్ట్రిడ్జిలు వేడికి, తేమకు లోపల చెడిపోతాయి. ఒకే స్పీకరు కాలంనాటి మోనో కార్ట్రిడ్జిల ముల్లు పైకీ కిందికీ చాలినంతగా కదలదు. అది స్టీరియో రికార్డుల గాడికి హాని చేస్తుంది.

తరువాత వేగాన్ని పరీక్షించాలి. ఇందుకు పరికరాలు అవసరం లేదు. పళ్ళెం అంచున చిన్న కాగితపు ముక్క అంటించి, 33⅓ వేగంలో తిప్పి, గడియారం చూస్తూ చుట్లు లెక్కించాలి. మూడు నిమిషాలలో సరిగా నూరు చుట్లు రావాలి. తొంబై అయిదే వస్తే మోటారులోనో, బెల్టులోనో లోపం ఉన్నదని గ్రహించాలి. బెల్టు సాగినా, బిరుసెక్కినా కొత్తది వేస్తే సరిపోతుంది. రబ్బరు చక్రం ఉన్న యంత్రంలో ప్రతి చుట్టుకు ‘టక్ టక్’ మని వినిపిస్తే ఆ చక్రానికి సొట్ట పడినదని అర్థం. యంత్రాన్ని ఆపి పళ్ళెం అంచును మెల్లగా కదిపి చూడాలి. ఊగిసలాడితే ఇరుసు అరిగినట్లు. చేయి గాలిలో అడ్డు లేకుండా అటూ ఇటూ సాగాలి. చివరగా, వెంట తీసుకొని వెళ్ళిన ఒక సామాన్యమైన రికార్డును పెట్టి రెండు స్పీకర్లలోనూ పాట సమంగా వస్తున్నదో లేదో వినాలి. ఈ పరీక్షకు అపురూపమైన రికార్డును ఎన్నడూ వాడరాదు.

విదేశాల నుండి వచ్చిన యంత్రాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కడప సీమ నుండి ఎందరో జీవనోపాధి కోసం కువైట్ వెళ్ళారు. మరెందరో ఉన్నత విద్యకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్ళారు. కువైట్‌లోని విద్యుత్తు మన దేశంలో వలెనే సెకనుకు 50 ఆవృత్తులు కలది. అమెరికాలో 60 ఆవృత్తులు, సుమారు 120 వోల్టులు. విద్యుత్ ఆవృత్తిని అనుసరించి తిరిగే మోటారు ఉన్న అమెరికా యంత్రాన్ని ఇక్కడ వాడితే 33⅓కు బదులు సుమారు 27.8 చుట్లు మాత్రమే తిరుగుతుంది. పాట నెమ్మదించడమే కాక శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుందే గాని ఆవృత్తిని మార్చదు. కావున యంత్రం వెనుక రాసి ఉన్న అంకెలను చదివిన తరువాతనే ధర మాట్లాడాలి.

ఇత్తడి పువ్వు వంటి గొట్టంతో, కుక్క బొమ్మతో మెరిసే ‘పాత గ్రామఫోను’ అనేకులను ఆకర్షిస్తుంది. అంగళ్ళలో కనిపించే ఇటువంటివాటిలో చాలావరకు ఇటీవలి కాలంలో తయారైన నకళ్ళు. అసలైనదే దొరికినా అది 78 రికార్డుకే తగినది. కీ ఇచ్చి తిప్పే ఆ యంత్రంలో ధ్వనిపేటిక బరువు వంద గ్రాములకు పైబడి ఉంటుంది. ఉక్కు ముల్లును ఒక్కొక్క వైపు ముగియగానే మార్చాలి. అటువంటి యంత్రం మీద ఎల్.పి. రికార్డును పెడితే ఒక్కసారికే దాని గాడి ధ్వంసమవుతుంది.

ఖర్చు లెక్క

చవక అనే మాటకు అర్థం కొన్న నాటి ధర కాదు, వాడుకలోకి వచ్చేనాటి మొత్తం. ఒక పాత యంత్రం 4,000 రూపాయలకు వచ్చిందనుకొందాం. కొత్త ముల్లుకు 2,500, బెల్టుకు 500, మరమ్మతు కూలికి 1,500, నగరం నుండి తెచ్చే రవాణాకు 500 రూపాయలు అయినాయనుకొంటే మొత్తం 9,000 రూపాయలు అవుతుంది. ఈ మొత్తాన్ని కొత్త యంత్రం ధరతో పోల్చి చూడాలి. భేదం స్వల్పమైతే కొత్తదే మేలు. దానికి పూచీపత్రం ఉంటుంది, ముల్లు చరిత్ర తెలిసి ఉంటుంది. భేదం హెచ్చుగా ఉండి, సమీపంలో నమ్మకమైన మరమ్మతుదారు ఉంటే పాతది మేలు.

ముల్లుకు కూడా ఆయుర్దాయం ఉన్నది. నీలమణి ముల్లు కొన్ని పదుల గంటలకే అరుగుతుంది. వజ్రపు ముల్లు కొన్ని వందల గంటలు పనిచేస్తుంది. ఒక వజ్రపు ముల్లు 400 గంటలు వస్తుందనుకొంటే, దినానికి ఒక ఎల్.పి. చొప్పున, అనగా నలభై నిమిషాల చొప్పున వినే ఇంటికి అది 600 దినాలు సరిపోతుంది. అరిగిన ముల్లు ఉలి వలె గాడిని చెక్కుతుంది కావున దానిని మార్చడంలో పొదుపు కూడదు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మూతకు, మెరుగుకు, దీపాలకు పెట్టే వెలను తగ్గించుకొని ముల్లుకు, కార్ట్రిడ్జికి పెట్టడం వివేకం. రికార్డును తాకేది ఆ ఒక్క ముల్లే.

ఇంట్లో ఉన్నవి రెండు మూడు రికార్డులే అయితే యంత్రమే కొనవలసిన పని లేదు. మంచి యంత్రం ఉన్నవారి వద్దకు తీసుకొని వెళ్ళి, ఆ పాటలను ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకొంటే వినికిడి కోరిక తీరుతుంది, రికార్డూ భద్రంగా ఉంటుంది. కొనకపోవడం కూడా ఒక్కొక్కసారి మంచి ఎంపికే.

సీమ ఎండ, కడప బండ

యంత్రాన్ని తెచ్చిన తరువాత దాని స్థానాన్ని నిర్ణయించుకోవాలి. ముల్లు మైక్రాన్ల కదలికను కూడా ధ్వనిగా మారుస్తుంది. కావున నేల అదిరినా, బల్ల ఊగినా అది పాటలో కలుస్తుంది. పట్టణాలలో కొందరు ఇందుకోసం ఖరీదైన రాతి పీఠాలు కొంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల వారికి ఆ ఖర్చు లేదు. వంటింటి గట్టుకు పరిచే నల్లని కడప బండ ముక్క ఒకటి చాలు. దాని కింద నాలుగు మూలల రబ్బరు బిళ్ళలు ఉంచి, సమతలంగా అమర్చి, దాని మీద యంత్రాన్ని నిలిపితే బరువైన ఆ రాయి కదలకుండా నిలుస్తుంది. రబ్బరు అదురును పీల్చుకొంటుంది. స్పీకర్లను మాత్రం వేరొక బల్ల మీద ఉంచాలి.

సీమ ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. ఎండ పడే కిటికీ పక్కన, మూసిన కారులో, రేకుల కప్పు కింది అటక మీద వినైల్ రికార్డులు వంకరపోతాయి. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చరాదు. పుస్తకాల వలె నిలువుగా నిలపాలి. దుమ్మును మెత్తని కుంచెతో గాడి వెంబడి తుడవాలి. వినైల్ రికార్డును స్వేదన జలంలో కొద్దిగా సబ్బు కలిపి, కాగితపు బిళ్ళ తడవకుండా శుభ్రపరచవచ్చు. 78 రికార్డుకు మాత్రం స్పిరిట్ వంటి ద్రవాలు ఎట్టి పరిస్థితులలోనూ తగిలించరాదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. దానితోపాటు పాట కూడా కరుగుతుంది.

ముగింపు

రికార్డు నిర్జీవమైన పలక కాదు. ఒకానొక దినాన ఒక గాయకుడు పీల్చి విడిచిన శ్వాస దాని గాడిలో ఉన్నది. దానిని కొన్నవారు ఎంతో ముచ్చటపడి, ఆనాటి సంపాదనలో కొంత వెచ్చించి ఇంటికి తెచ్చుకొన్నారు. వారు నేడు లేకపోవచ్చు. వారు మెచ్చిన పాట మాత్రం వారి మనుమల ముంగిట మళ్ళీ పలకడానికి సిద్ధంగా ఉన్నది. ఆ పాటకూ వినేవారి చెవికీ నడుమ ఉన్నది ఒక చిన్న ముల్లు. రికార్డు జాతిని గుర్తించి, గాడికి తగిన ముల్లును ఎంచుకొని, తగిన బరువు మోపి, అరిగినప్పుడు మార్చుకొనేవారి చేతిలో సామాన్యమైన యంత్రమైనా సరస్వతీ పీఠమవుతుంది. ఆ శ్రద్ధ లేనివారి చేతిలో ఎంతటి యంత్రమైనా ఉలియే అవుతుంది.